టెంకాయ కొట్టిన చోటు

జులై 13, ఆదివారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అబ్బాయి మోహన్ అన్న ఒక్క మాటలో మూడు తప్పులున్నాయి. అప్పుడే దిద్దేదాన్ని, కానీ నోట్లో రాగిముద్ద ఉంది. ముద్దను నమలకూడదు, మింగాలి. మింగేలోపల సంభాషణ ఛార్జింగ్ పాయింట్ మీదికి వెళ్ళిపోయింది. అందుకని ఇక్కడ దిద్దుకుంటున్నాను.

వాడన్నది: "యాభై ఏండ్ల బండి. నాలుగేండ్లాయె చచ్చి. సుమ్నే జాగా తింటా ఉండాది." సుమ్నే అంటే ఊరికే, వాడి నోట కన్నడం కలుస్తుంది.

జీప్ వయసు యాభై కాదు, యాభై ఒకటి. అది ఆగి నాలుగేళ్ళు కాలేదు, రెండేళ్ళు కూడా నిండలేదు. వాళ్ళ నాన్న ఆసుపత్రికి వెళ్ళే ముందు ఆదివారం దాకా దాన్ని స్టార్ట్ చేసి, చెవి ఒగ్గి విని, ఆపేవారు. ఇక మూడోది, ఇనుము చావదు. ఆడపిల్లల కాలేజీలో బతుకంతా కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఈ విషయంలో నా మాట నమ్మవచ్చు. ఇనుము మారుతుంది. అంతే.

ఛార్జింగ్ పాయింట్ సంగతేమంటే, కోడలు సంధ్య ఎలక్ట్రిక్ కారు బుక్ చేసింది. అది నిలబడాలంటే పోర్టికో కావాలి. పోర్టికోలో జీప్ ఉంది. మనవరాలు అర్పితకి దర్శన్ అని స్నేహితుడొకడు ఉన్నాడు, మేముండే ఈ హెచ్‌ఎస్‌ఆర్‌లోనే నాలుగు వీధుల అవతల కాఫీ హోటల్ పెట్టాడు. దాన్ని కెఫే అనాలట. జీప్ వాడికిస్తే ఇంజను తీసేసి ఆ గుంటలో కలబంద జాతి మొక్కలు నాటి, వెనక సీట్లలో బల్ల వేసి వాకిట్లో నిలబెడతాడట. జనం ఫొటోలు దిగుతారట.

"దానికి సెకండ్ లైఫ్ వస్తుంది అవ్వా" అంది అర్పిత.

మొదటిదే ఇంకా అయిపోలేదన్నాను. అప్పటికి ముద్ద దిగింది.

ఒప్పందం ఇదీ: ఆయుధ పూజ దాకా గడువు. ఆ రోజు జీప్ తన ఇంజనుతో తాను గేటు దాటితే ఇంట్లోనే ఉంటుంది, కారు వీధిలో ఉంటుంది. దాటకపోతే మొక్కలు నాటుకోవచ్చు. మోహన్ నవ్వి సరేనన్నాడు, చిన్నపిల్లలు చందమామ కావాలంటే సరేనన్నట్టు. ఆ నవ్వు గుర్తు పెట్టుకున్నాను.

ఇందులో మనసుకు సంబంధించినదేమీ లేదు. పనిచేయగల వస్తువు పనిచేయాలి.

జులై 14

ఆయన రేకు పెట్టె తెరిచాను. స్పానర్లు సైజుల వారీగా, ఒక్కొక్కటీ నూనె గుడ్డలో చుట్టి ఉన్నాయి. సర్వే డిపార్ట్‌మెంట్ మనిషి. మా పెళ్ళి ఫొటోలు ఇంత జాగ్రత్తగా దాచలేదు.

నైటీ మీద ఆయన ఖాకీ చొక్కా వేసుకున్నాను. జేబులున్నాయని.

జులై 20

ట్యాంకులో పెట్రోలు తీసేశాను. పెట్రోలు వాసన కాదది, పాత బీరువా వాసన. కార్బొరేటర్ విప్పి స్టీలు బేసినులో నానబెట్టాను. సంధ్య వచ్చి చూసింది. "ఆ బేసిను ఇంక మీదే అత్తమ్మా" అని బయట కుళాయి దగ్గర పెట్టింది. మంచి పిల్ల. కోపాన్ని వస్తుదానంగా మార్చగలదు.

బ్యాటరీ కొత్తది. రబ్బరు గొట్టాలన్నీ మార్చాలి. బ్రేకులు నావల్ల కాదు, మడివాళలో సుంకన్న అని ఒక వెల్డరు ఉన్నాడు, బ్రేకులు కూడా చూస్తాడట, పిలిపించాలి. మిగతాది నేనే.

బాడీ మాత్రం బంగారం. ఆయన చేతిలో ఉన్నన్నాళ్ళు దానికి తుప్పంటే ఏమిటో తెలియదు. వేలంలో కొన్న నాటి నుంచీ ఏడాదికోసారి అడుగున నూనె పూసేవారు. ఆయుధ పూజ ముందు రోజు దగ్గరుండి కడిగేవారు. మోహన్‌కి జ్వరమొస్తే థర్మామీటర్ ఎక్కడుందో నన్ను అడిగేవారు గానీ, జీపుకి ఏ నట్టు ఎప్పుడు బిగించారో ఎవరినీ అడగక్కర్లేదు.

జులై 27

కార్బొరేటర్ బిగించాను. రెండు స్క్రూలు మిగిలాయి. విప్పి మళ్ళీ బిగించాను. ఒకటి మిగిలింది.

జులై 28

ఆ ఒకటి కార్బొరేటర్‌ది కాదు, మిక్సీది.

ఆగస్టు 3, ఆదివారం

అందరూ పెళ్ళికి వెళ్ళారు. చాప వేసుకుని జీప్ ముందు భాగం కిందికి దూరాను, గ్రీజు పెట్టడానికి. దూరడం తేలికే. లేవడం గురించి ముందుగా ఆలోచించలేదు. మోకాళ్ళు రెండూ కూడబలుక్కుని రామన్నాయి. ఫోను వంటింట్లో ఉంది. చేసేదేమీ లేక పైకి చూస్తూ పడుకున్నాను. తరగతిలో వెనక బెంచీ పిల్లలకి సీలింగు అంత క్షుణ్ణంగా ఎందుకు తెలుస్తుందో ఇవాళ అర్థమైంది.

చాసిస్, అంటే అడుగున ఉండే రెండు పొడవాటి ఇనుప దూలాలు, బండికి వెన్నెముక అని నాకు నేను పాఠం చెప్పుకోనక్కర్లేదు. కానీ ఆ వెన్నెముక ఎడమ దూలం ముందు కొస, బంపర్ వెనక, వేయించిన అప్పడంలా పొరలు పొరలుగా లేచి ఉంది. స్క్రూడ్రైవర్‌తో తట్టాను. తట్టినట్టు అనిపించలేదు. లోపలికి పోయింది.

కుడి దూలం చూశాను. నల్లగా, నున్నగా, నూనె మెరుపుతో ఉంది.

చాసిస్ నంబరు అచ్చు కొట్టి ఉన్నది ఎడమ దూలం మీద. సరిగ్గా అక్కడే. అంకెలున్న చోట ఎర్రటి పెళుసు తప్ప ఏమీ కనబడలేదు.

పెళ్ళి నుంచి వచ్చాక మోహన్ రెండు చంకల కింద చేతులు పెట్టి లాగాడు. తిట్టలేదు. వాడు తిట్టకపోతే భయపడ్డాడని అర్థం. టార్చి వేసి తనూ చూశాడు. ఎట్లయిందిమా అన్నాడు.

వాన నీళ్ళన్నాను. పోర్టికో రేకు కారుతుంది, ఎప్పుడో చెప్పాను, ఎవరూ వినలేదు.

ఆగస్టు 5

సుంకన్న వచ్చాడు. కర్నూలు వైపు మనిషి. ఆటోలో వెల్డింగు మిషన్‌తో దిగాడు, చూడకముందే. గట్టిగా మాట్లాడతాడు, తనను తాను పొగుడుకోవడంలో ఎవరి సాయమూ కోరడు. కర్నూలు నుంచి హోసూరు దాకా తను ముట్టుకోని జీప్ లేదట. కిందికి దూరి బయటికి వచ్చి చేతులు దులుపుకున్నాడు.

"ఇది పోయింది మేడమ్. కొస కోసేసి వేరే బండిది అతుకుదాం. దినంలో పని."

"నంబరో?"

"కొడదాం. అంకెల పంచులుండాయి నా కాడ. ఎవురికీ తెలీదు."

నంబరు మళ్ళీ కొట్టడం నేరమన్నాను. అందరూ చేసేదేనన్నాడు. ముప్పై మంది కాపీ కొడితే ముప్పై మందికీ సున్నా వేసినదాన్నన్నాను. వాడు కాసేపు నన్ను, కాసేపు ఖాకీ చొక్కాను చూసి, బ్రేకులు చూస్తా ఉండు మేడమ్ అని చక్రం దగ్గర కూర్చున్నాడు.

ఆగస్టు 6

మోహన్ వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. బ్యాంకు ఉద్యోగి కదా, చెడ్డ వార్తను మెత్తగా చెప్పడం వాడి వృత్తి. డిసెంబరులో రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలి, ఆర్టీవో వాళ్ళు చాసిస్ నంబరు మీద పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుంటారు, అచ్చు రాకపోతే ఈ బండి ఈ బండేనని రుజువుండదు. రోడ్డెక్కనిది గేటు దాటి ఏం లాభం?

"ఇంజను తిరగల్ల, నంబరు కనపడల్ల. రెండూ అయితేనే బండి ఉండేదిమా. నన్ను తప్పు పట్టొద్దు."

తప్పు పట్టలేదు. వాడి మాటలో తప్పు లేదు. అదే నా బాధ.

వాన నీళ్ళే.

ఆగస్టు 8, వరమహాలక్ష్మి

ఇంటినిండా పేరంటాళ్ళు. నేను పోర్టికోలో ఉంటేనే అందరికీ హాయి.

బంపర్ విప్పాను. బంపర్‌కీ దూలానికీ మధ్య సందులో గట్టిగా ఏదో కరుచుకుని ఉంది. గీకి తీశాను. మట్టి, నూనె, పసుపు, కుంకుమ, పీచు. ఒక టెంకాయ పెంకు ముక్క, బొటనవేలి గోరంత.

ఎలుక తెచ్చి పెట్టి ఉంటుంది. పారేశాను.

ఆగస్టు 9

పారేయలేదు. నా గది కిటికీలో ఉంది.

ఆగస్టు 10

ఎలుకలు కుంకుమ పెట్టుకోవు.

ఆగస్టు 11

సరే. రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

ఏటా ఆయుధ పూజ రోజు పొద్దున ఆయన తలస్నానం చేసి తడి జుట్టుతో వచ్చేవారు. జీప్‌కి పసుపు, కుంకుమ, చేమంతి దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. గుమ్మడికాయ గేటు బయట. టెంకాయ మాత్రం బండి మీదే కొట్టాలి. నేల మీద కొడితే నేలకి పూజ చేసినట్టట. బంపర్ మీద కొడితే సొట్ట పడుతుంది. అందుకని వంగి, చెయ్యి బంపర్ వెనక్కి పెట్టి, దూలం కొస మీద ఠప్పున ఒకే దెబ్బ. నీళ్ళు వృథా పోకుండా దూలం పొడుగునా పారేలా పోసేవారు. తాకిన చోటల్లా చల్లగా ఉంటుందనేవారు. ఆయనది కుడి చేతివాటం, నిలబడేది గేటు వైపు. కాబట్టి ఎప్పుడూ ఎడమ దూలమే.

పూజ చేసిన బండిని ఆ రోజు తుడవకూడదు, మర్నాడు దసరా కాబట్టి ఆయన సొంతూరు ఆనేకల్ వెళ్ళాలి, పొలం మట్టి మీద పడాలి. మూడో రోజుకి ఎవరికీ గుర్తుండదు.

టెంకాయ నీళ్ళలో ఏముంటాయి? ఉప్పులు, చక్కెర, కాస్త పులుపు. ఎండితే బంక. బంక తేమను పట్టుకుంటుంది, మట్టిని పట్టుకుంటుంది. దెబ్బ తగిలిన చోట రంగు పోయి ఇనుము బయటపడుతుంది. మిగతాది ఏ మొదటి సంవత్సరం పిల్లైనా చెప్పగలదు.

బండి మీద ఒక్క గీత పడితే రెండు రోజులు అన్నం సయించని మనిషి. ప్రేమగా, ఏటేటా, గురి తప్పకుండా, అదే చోట.

మోహన్‌కి వాన నీళ్ళనే చెప్పాను. అదే ఉండనీ.

ఆగస్టు 17

కోయడం లేదు. నంబరున్న ఇనుము ఎంత పల్చగా మిగిలినా సరే, దాన్నలాగే ఉంచి వెనక నుంచి దళసరి పట్టీ పెట్టించాలి.

సుంకన్నకి చెప్పాను. వెల్డింగు చేస్తే ఆ పల్చని రేకు కాలిపోతుంది అన్నాడు. వెల్డింగు వద్దు, బోల్టులు అన్నాను. బోల్టుకి రంధ్రం పడాలంటే చుట్టూ గట్టి ఇనుముండాలి అన్నాడు. ఎక్కడ గట్టిగా ఉందో వెతుకుదామన్నాను. ఇద్దరం ఒక సుత్తి పట్టుకుని, డాక్టరు వీపు తట్టి చూసినట్టు, దూలమంతా తట్టుకుంటూ పోయాం. మంచి ఇనుము గణగణమంటుంది. పాడైనది పలకదు. నంబరుకి అటూ ఇటూ జానెడు దూరంలో పలికింది. అక్కడ బోల్టులు.

తుప్పు గీకడానికి గ్రైండరు తీశాడు. వద్దన్నాను. అంకెల లోతు ఎంత మిగిలిందో తెలియదు, గ్రైండరు ఆ మిగిలింది కూడా తినేస్తుంది.

"మరి దేంతో తీస్తావు మేడమ్, నోటితో ఊదుతావా?"

"చింతపండుతో."

సుంకన్న చాలాసేపు నవ్వాడు. నవ్వనిచ్చాను.

ఆగస్టు 18

సంధ్య డబ్బాలోంచి పాత చింతపండు తీసుకున్నాను, నల్లగా, జిగటగా ఉన్నది. కొత్తదానికి ఇంత పులుపుండదు. నీళ్ళు తక్కువ పోసి పిసికి, గుజ్జు దళసరిగా పట్టించి, పైన అరిటాకు ముక్క, దాని పైన తడి గుడ్డ. ఉప్పు వేయలేదు. ఇత్తడి చెంబుకైతే వేస్తాం. ఇనుముకి ఉప్పు చేసే మేలు ఏమిటో ఇప్పటికే చూశాను.

ఆగస్టు 20

నల్లటి నీళ్ళు కారుతున్నాయి. మంచి సూచన. కడిగి, వంటసోడా నీళ్ళతో పులుపు విరిచి, అర్పిత జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో ఆరబెట్టాను. మళ్ళీ పట్టు.

ఆగస్టు 22

ఇంకో పట్టు. ఈ రాత్రి చారులో పులుపు లేదు. ఎవరూ కారణం అడగలేదు.

ఆగస్టు 24, ఆదివారం

దర్శన్ వచ్చాడు, కొలతలకి. గడ్డం, చెవికి పోగు, మంచి మర్యాద. నమస్కారం కూడా పెట్టాడు. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ లేకపోతే నేనే పట్టుకున్నాను. శత్రువుకైనా కొలత సరిగ్గా ఉండాలి.

ఇంజను గుంటలో మొక్కలకి నీళ్ళు పోస్తే అడుగంతా తుప్పు పడుతుంది కదప్పా అన్నాను.

"రస్టే కదా అవ్వా వైబ్. జనాలకు అదే బేకు, అదే కావాల."

తుప్పు కోసం కాఫీ తాగే కాలం వచ్చిందని నాకు తెలియదు. ఎడమ దూలం వాడికి చూపిస్తే మురిసిపోయేవాడు. చూపించలేదు, అరిటాకు కప్పి ఉంది. అదేమిటని అడిగాడు. వైద్యం అన్నాను.

వాడు వెళ్ళాక అర్పిత అక్కడే నిలబడింది. తాత చొక్కా ఎందుకు వేసుకుంటావు అవ్వా అంది. జేబులున్నాయని చెప్పాను. నీ నైటీకి కూడా ఉండాది కదా జేబు అంది. ఉంది. చిన్నది.

ఆగస్టు 30

పెన్సిలు, పల్చటి కాగితం. రుద్దాను. మొదట బూడిద రంగు మచ్చ. తర్వాత మచ్చలోంచి ఒక తెల్లటి గీత. ఒక ఒంపు. ఒక ఏడు. దాని పక్కన రెండు.

చివరి అంకె తప్ప అన్నీ వచ్చాయి. చివరిది మూడో ఎనిమిదో చెప్పలేకుండా ఉంది. ఎనిమిదని నాకు తెలుసు. ఆర్టీవోకి తెలియాలి.

మళ్ళీ పట్టు. సంధ్య డబ్బా అడుగంటింది.

సెప్టెంబరు 4

ఎనిమిది.

సెప్టెంబరు 7

పట్టీ బిగించాం. సుంకన్న బోల్టు చివరి తిప్పు నన్ను తిప్పమన్నాడు. ఇంతవరకూ చాసిస్‌కి వంటింటి వైద్యం చేసినోళ్ళను చూడలేదు మేడమ్ అన్నాడు. మడివాళ అంతా చెప్పుకున్నాడట, చింతపండు ఆలోచన తనదేనని. పోనీ. బ్రేకులు బాగా చేశాడు.

పెన్సిలు అచ్చు మోహన్ చేతిలో పెట్టాను. వెలుతురుకి పట్టుకుని చూశాడు, దొంగ నోటు పరీక్షించినట్టు. తర్వాత మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది నాదని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

సెప్టెంబరు 13

తాళం తిప్పాను. దగ్గింది. ఆగింది.

సెప్టెంబరు 14

లేదు.

సెప్టెంబరు 15

ఇవాళ కూడా లేదు. పెట్రోలు వస్తోంది. నిప్పురవ్వ వస్తోంది. రెండూ కలవనంటున్నాయి. కొన్ని కాపురాలిలాగే ఉంటాయి.

సెప్టెంబరు 19

ఆనేకల్ నుంచి పాపక్క ఫోను. ఆయనకి అక్క, నాకు వదిన, ఎనభై దాటినా గొంతులో వణుకు లేదు. జీప్ సంగతి మోహన్ చెప్పాడట. ఆయుధ పూజకి వస్తానంది.

"టెంకాయ మా తమ్ముడు కొట్టినట్లే కొట్టించల్లమ్మే. ఆడనే, బండి మిందనే. మోహను చేత. మా తమ్ముడు పైనుండి చూస్తా ఉంటాడు."

చూద్దాంలే వదినా అన్నాను. చూసేదేముంది, ఎట్లా జరగాలో ఎప్పుడో పద్ధతి పడిపోయిందంది.

ఒకవేళ ఇంజనే తిరగకపోతే ఈ గొడవే ఉండదు. ఇలా అనుకున్నందుకు నన్ను నేను చీవాట్లు పెట్టుకున్నాను.

సెప్టెంబరు 21

ప్లగ్ వైర్లు రెండు తారుమారయ్యాయి. పెట్టింది నేనే. ఎవరికీ చెప్పను.

మార్చి పెట్టి తాళం తిప్పాను. పొగ, పెద్ద చప్పుడు, ఎదురింటి కుక్క, తర్వాత అది. నాలుగు సిలిండర్లు కుదురుగా, గొంతు కొంచెం బొంగురుగా. ఆయన చెవి ఒగ్గినట్టు నేనూ ఒగ్గాను. ఏం వినేవారో తెలియలేదు. నాకు ఇంజను చప్పుడే వినిపించింది. అయినా చాలాసేపు విన్నాను.

సంధ్య వంటింటి కిటికీలోంచి గరిటె ఎత్తి చూపించింది. అభినందనో, పొగ ఆపమనో. రెండూ కావచ్చు.

సెప్టెంబరు 28

వీధి చివరి దాకా వెళ్ళి రావాలని ఉంది. వెళ్ళలేదు. ఒప్పందం ప్రకారం ఆ రోజే. లైసెన్సు ఉంది, కళ్ళ డాక్టరు సరేనన్నాడు, క్లచ్ తొక్కితే ఎడమ మోకాలు మాత్రం తన అభిప్రాయం చెబుతుంది.

టెంకాయ గురించి ఏం చేయాలో తేల్చుకోలేదు. పట్టీ కొత్తదే, ఒక్క టెంకాయకి ఏమీ కాదు. ఒక్కసారికి ఏమీ కాదు.

ఆయన కూడా ఏటా ఒక్కసారే కొట్టారు.

అక్టోబరు 1, ఆయుధ పూజ

పొద్దున్నే పాపక్కని తీసుకొచ్చారు. జీప్‌ని చూసి బుగ్గలు నొక్కుకుంది, జీప్ బుగ్గలు కాదు, తనవే. పసుపు తనే పెట్టింది. దండ అర్పిత వేసింది. నిమ్మకాయలు సంధ్య పెట్టింది. నేను పక్కన నిలబడ్డాను, ఈ ఇంట్లో నా పాత్ర ఇప్పుడు అదే; పూజ పనుల్లో నాకు చెయ్యి లేదు. పాపక్కకీ ఉండకూడదు నిజానికి, ఆవిడా నాలాగే భర్త పోయిన మనిషే, కానీ ఆవిడకి అడ్డు చెప్పేవాళ్ళు ఎనభై ఏళ్ళలో పుట్టలేదు.

మోహన్ తలస్నానం చేసి తడి జుట్టుతో వచ్చాడు. హారతి ఇచ్చాడు. టెంకాయ తీసుకున్నాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు. నేరుగా గేటు వైపు వెళ్ళి, వంగి, చెయ్యి వెనక్కి పెట్టాడు. ఎడమ దూలం. వాడికి ఎవరూ నేర్పలేదు. ఏటా చూశాడంతే. వంగినప్పుడు వీపు అచ్చం ఆయన వీపే.

చెయ్యి పైకి లేచింది. నేను మణికట్టు పట్టుకున్నాను.

"అక్కడొద్దప్పా."

"నాన్న ఈడనే కదమా కొడతా ఉన్న్యాడు."

"అందుకే."

వాడు నా మొహం చూశాడు. తర్వాత కింద కొత్త పట్టీని, బోల్టుల్ని, తన చేతిలో టెంకాయని చూశాడు. వాడు మందబుద్ధి కాదు, నా కొడుకు.

"వాన నీళ్ళు కాదా?"

కాదన్నాను.

"ఇన్ని దినాలు ఏల చెప్పలేదు నాకు?"

"మీ నాన్న మీద నువ్వొక మాట అంటే, అది నేను వినాల్సి వచ్చేది."

వాడు టెంకాయని కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మార్చుకుని, ఖాళీ చేత్తో దూలాన్ని తడిమాడు, నంబరున్న చోట. అప్పుడు నవ్వాడు. జులైలో నవ్విన నవ్వు కాదు. కళ్ళలో నీళ్ళతో నవ్వుతూ, "ఒక్క గీత పడితే నన్ను కొట్టినాడుమా, సైకిల్ తగిలించినానని" అన్నాడు.

పాపక్కకి విషయం అర్థం కావడానికి ఇంకాస్త పట్టింది. అర్పిత వివరించింది. పాపక్క కర్ర ఊతంగా వంగి, పట్టీ మీద మిగిలిన ఆ పల్చటి ఇనుము చూసింది. నేను వాదనకి సిద్ధంగా ఉన్నాను. రసాయన శాస్త్రం, ఉప్పులు, అన్నీ తయారుగా పెట్టుకున్నాను.

"వానికి చిన్నప్పట్నుంచీ అంతే" అంది పాపక్క. "భక్తి జాస్తి, చూపు తక్కువ. దేవుడి పటానికి నూని పూసి పూసి మొగమే లేకుండా చేసినాడు." కర్రతో గేటు పక్క మెట్టు చూపించింది. "ఆడ కొట్టప్పా. నీళ్ళు మాత్రం చేతికి పట్టుకో, బండి మింద చిలకరించొద్దు. మీయమ్మ మల్లా చింతపండు అంటుంది."

మెట్టు మీద కొట్టాడు. మూడు దెబ్బలు పట్టింది. ఆయనకి ఒకటే పట్టేది.

నేను ఎక్కాను. ఖాకీ చొక్కా, పట్టుచీర మీద. తాళం, మొదటి గేరు, క్లచ్. మోకాలు అభిప్రాయం చెప్పింది, పట్టించుకోలేదు. నాలుగు నిమ్మకాయలు నాలుగు చప్పుళ్ళు. గేటు స్తంభానికీ అద్దానికీ మధ్య అరచేయి సందు. దాటాను. వీధి చివర పార్కు చుట్టూ తిరిగి వచ్చేసరికి మోహన్ పోర్టికోలో ఛార్జింగ్ పాయింట్ కోసం గోడ మీద సుద్దముక్కతో గీసిన గుర్తుని తడి గుడ్డతో తుడుస్తున్నాడు.

అర్పిత ఫోనులో ఎవరికో చెబుతోంది, మొక్కలకి కుండీ కొనుక్కోమని.

అక్టోబరు 2, దసరా

పాపక్కని ఆనేకల్‌లో దింపి వచ్చాం, జీప్‌లోనే. ముందు సీట్లో కూర్చుని దారంతా నాకు డ్రైవింగు నేర్పింది. ఆవిడకి సైకిలు కూడా రాదు. పొలం గట్టు దగ్గర దిగి, చప్పడి బండలు, అంటే పలకరాళ్ళు, పేర్చి ఉన్నచోట ఒకదాన్ని కర్రతో తట్టింది. ఇదీ మీ ఇంటికి అంది. టెంకాయకట. గణగణమంది. మంచి రాయి. ఇవాళ తీసుకురాలేదు, పండగ పూట రాయి మోయకూడదట.

మట్టి చాలా పడింది. ఇంటికి రాగానే తుడిచాను, మూడో రోజు దాకా ఆగకుండా. ఎడమ దూలం కింద రెండుసార్లు.

రేపు, మర్చిపోకుండా: మోహన్‌తో ఆనేకల్ వెళ్ళాలి, పొద్దున ట్రాఫిక్ ముందే. జీప్ వెనక రెండు గోనె సంచులు పరవాలి, రాయికి అడుగు గీసుకోకుండా. రాయి మోకాలి ఎత్తు చాలు, పైన చదునుగా ఉన్నది. పాతేటప్పుడు గేటుకి ఎడమ పక్కన పాతాలి. కుడి పక్కన చోటు ఎక్కువే, అయినా ఎడమ పక్కనే, ఎవరు వంగినా చెయ్యి అటే పోతుంది. తిరుగు దారిలో మడివాళలో ఆగి చింతపండు ఒక కిలో, పాతది. సంధ్య డబ్బా నిండా పోసి, మూత గట్టిగా పెట్టాలి.